చలనచిత్రపు చట్రమూ, మనిషి కొలతా

నౌపడ నుంచి టెక్కలి, పర్లాకిమిడిల మీదుగా గుణుపురం పోయే రైలుమార్గం ఒకప్పుడు చిన్నబండి మార్గం. 1900లో నౌపడ, పర్లాకిమిడిల మధ్య ఆ బండి నడక ప్రారంభించినప్పుడు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. పక్కనే పలాస మీదుగా పోయే హౌరా - మద్రాసు మార్గంలో ఆ దూరం అయిదున్నర అడుగులు. ఒకదాని పెట్టె రెండోదానిమీద నడవదు. శతాబ్దానికి పైగా అట్లా గడిచాక 2004లో చిన్నమార్గాన్ని మూసివేసి, పట్టాలు తిరిగి వేసి, 2011లో పెద్దమార్గంగా తెరిచారు. పాత పెట్టెలనే పట్టుకుని అడ్డంగా సాగదీసి పెద్దపట్టాల మీద పెడదామని ఎవరైనా అంటే మనం నవ్వి ఉండేవాళ్ళం.

చలనచిత్రాల విషయంలో మాత్రం సరిగ్గా ఆ పనే జరుగుతున్నది. మనం నవ్వడం లేదు. ఒక కొలతలో తీసిన బొమ్మను మరో కొలత తెరమీదికి సాగదీసి, అందులోని మనుషులను లావుచేసి, పొట్టిచేసి చూపుతున్నారు, మనం చూస్తున్నాం. కొంతకాలానికి కన్ను అలవాటుపడిపోతుంది. అలవాటైపోయిన వక్రత నిజం స్థానంలో కూర్చుంటుంది. అందుకని ఈ విషయాన్ని మెకానిక్కులకు వదిలేయడం సబబు కాదు. దీనికి ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తేనే ఏది దిద్దవచ్చునో, ఏది దిద్దలేమో తేలుతుంది.

బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ మధ్య ఉండే నిష్పత్తిని ప్రకృతి నిర్ణయించలేదు. రైలుపట్టాల దూరంలాగే అదీ మనిషి పెట్టుకున్న ఏర్పాటు. 1890ల ఆరంభంలో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన డిక్సన్ 35 మిల్లీమీటర్ల ఫిలిం పట్టీని తీసుకుని, ఒక్కొక్క బొమ్మకు అంచున నాలుగేసి రంధ్రాల చొప్పున చోటు కేటాయించాడు. దానివల్ల బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళయింది. టాకీలు వచ్చి, శబ్దానికి పట్టీ అంచున చోటు కావలసివచ్చాక కొంత గందరగోళం జరిగి, 1932లో హాలీవుడ్ అకాడెమీ 1.37కు 1 అన్న నిష్పత్తిని ఖాయం చేసింది. మన తొలి టాకీ 'భక్తప్రహ్లాద' విడుదలైందీ ఆ ఏడే. జమీందారీ దౌర్జన్యాన్ని తెరకెక్కించిన గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' (1939) మొదలుకొని విజయావారి పౌరాణికాల దాకా తెలుగు సినిమా బాల్యయౌవనాలు దాదాపు చదరంగా ఉండే ఆ చట్రంలోనే గడిచాయి.

ఆ చట్రాన్ని బద్దలుకొట్టింది కళాకారుడి అవసరం కాదు, వ్యాపారి భయం. 1950ల తొలినాళ్ళలో అమెరికాలో టెలివిజన్ ఇల్లిల్లూ చేరుతుంటే సినిమాహాళ్ళు ఖాళీ అయ్యాయి. ఇంటిపెట్టెలో దొరకనిది హాలులో చూపితే తప్ప జనం రారని కంపెనీలు గ్రహించాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రెతియాఁ 1920లలోనే ఒక కటకం తయారుచేసి ఉన్నాడు. అది విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిలింమీద పడవేస్తుంది. ప్రదర్శించేటప్పుడు మరో కటకం దాన్ని తిరిగి రెట్టింపు వెడల్పుకు విప్పుతుంది. పాతికేళ్ళు ఎవరికీ పట్టని ఆ కటకానికి 1953లో 'ది రోబ్' చిత్రంతో సినిమాస్కోప్ అన్న పేరు వచ్చింది. 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' ద్వారా అది మన దేశానికీ, 1974లో 'అల్లూరి సీతారామరాజు' ద్వారా తెలుగుకూ వచ్చింది. 1986లో 'సింహాసనం' 70 మిల్లీమీటర్ల తెరను తెచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సినిమాస్కోప్ ఫిలింను చేతిలో పట్టుకుని వెలుతురుకు చూస్తే అందులో మనుషులంతా తాటిచెట్లలా సన్నగా, పొడుగ్గా కనబడతారు. అది తప్పుకాదు, ఒక ఒప్పందం. "నేను నొక్కి ఉంచాను, నువ్వు విప్పి చూపు" అని తీసినవాడు చూపేవాడికి ఇచ్చిన మాట. ఆ మాట తెలియని ఆపరేటరు రెండో కటకం బిగించకుండా ప్రదర్శిస్తే తెరమీది నాయకుడు వెదురుబొంగవుతాడు. తర్వాత వచ్చిన డిజిటల్ ఫైళ్ళ తిప్పలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది: బొమ్మ వేరు, బొమ్మను ఎట్లా విప్పాలో చెప్పే మాట వేరు. బొమ్మ చేరి మాట చేరకపోతే వక్రత పుడుతుంది.

టెలివిజన్ మన ఇళ్ళకు వచ్చేనాటికి దాని తెర పాత నాలుగు-మూడు కొలతలోనే ఉంది. దానిలో స్కోప్ చిత్రాలు వేయవలసి వచ్చినప్పుడు రెండు పక్కలా కోసి మధ్యభాగం చూపారు. లెక్క వేస్తే వెడల్పులో నూటికి 43 పాళ్ళు పోయినట్టు. ఇద్దరు మాట్లాడుకునే దృశ్యంలో ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి మిగిలేవి. పేర్లు పడేటప్పుడు మాత్రం అక్షరాలు తెగకూడదు గనుక బొమ్మను నొక్కినది నొక్కినట్టే వదిలేవారు. పేర్లు అయిపోయేదాకా మనుషులు సన్నగా నిలబడి, ఆ తర్వాత హఠాత్తుగా ఒళ్ళు చేసేవారు. ఆ వింత చూసి నవ్వుకున్న తరం ఇంకా ఉంది.

తర్వాత టెలివిజనే వెడల్పయింది. 1980లలో అమెరికా ఇంజనీరు కెర్న్స్ పవర్స్ అప్పటికి వాడుకలో ఉన్న కొలతలన్నిటినీ ఒకదానిమీద ఒకటి గీసి చూసి, అన్నిటికీ మధ్యస్థంగా పదహారు-తొమ్మిది నిష్పత్తిని సూచించాడు. పాత చదరానికీ స్కోప్‌కూ అది రాజీ. రాజీ అంటేనే ఎవరిదీ పూర్తిగా కాదన్నమాట. 2010 కామన్‌వెల్త్ క్రీడలతో దూరదర్శన్ హైడెఫినిషన్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలోనే పల్లెల్లో కూడా లావుపాటి పాతపెట్టె పోయి గోడకు అంటుకునే పలక వచ్చింది. తెర మారింది గాని అప్పటిదాకా తీసిన బొమ్మలు మారలేదు. నాలుగు-మూడు బొమ్మను పదహారు-తొమ్మిది తెరనిండా లాగితే ప్రతి మనిషీ తన వెడల్పులో మూడోవంతు అదనంగా పెరుగుతాడు.

ఆ 2010లోనే జరిగిన మరో సంగతిని తెలుగువారు చరిత్రగా గుర్తుంచుకోవాలి. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ 'మాయాబజార్'కు రంగులు వేయించి, శబ్దాన్ని బాగుచేయించి, చట్రాన్ని సినిమాస్కోప్‌కు మార్పించి జనవరి 30న విడుదల చేసింది. కె. వి. రెడ్డి దర్శకత్వంలో మార్కస్ బార్‌ట్లీ 1957 నాటి ఆ చిత్రాన్ని తీసింది 1.37 చట్రంలో. దానిని 2.35కు తేవాలంటే దారులు రెండే. ఎత్తులో నూటికి 42 పాళ్ళు కోసివేయాలి. లేదా మనుషులను ఒకటిన్నర రెట్లకు మించి వెడల్పు చేయాలి. కాదంటే ఈ రెంటినీ కొంత కొంత కలపాలి. మూడో మంత్రం ఘటోత్కచుడికి కూడా తెలియదు.

ఈ ప్రయత్నాన్ని నేను కొట్టిపారేయడం లేదు. పాడైపోతున్న నెగెటివును శుభ్రం చేయడం మంచిపని. దానివల్ల అర్ధశతాబ్దం నాటి చిత్రాన్ని కొత్తతరం హాలుకు వెళ్ళి చూసింది. ఐతే బార్‌ట్లీ ఆ చట్రంలో ఏం చేశాడో ఆలోచించండి. ఎస్. వి. రంగారావు భారీ విగ్రహం, భుజానికెత్తిన గద, మహాకాయుడి ముందు కుప్పపోసిన పెళ్ళివంటకాలు - ఇవన్నీ ఎత్తును నమ్ముకున్న కూర్పులు. పైనా కిందా కోస్తే రాక్షసుడి ఎత్తు పోతుంది. ఎత్తు పోతే హాస్యం కూడా సగం పోతుంది. రంగులు నచ్చనివాడు పాత నలుపు-తెలుపు ప్రతిని చూసుకోవచ్చు. కాని కొత్తచట్రంలోనే చిత్రాన్ని ఎరిగినవాడికి తాను చూడనిది ఎంతో, అసలు చూడనిదంటూ ఒకటున్నదో లేదో తెలియదు. కత్తిరింపులోని అన్యాయం అదే: పోయినదాని ఆనవాలు కూడా మిగలదు.

'మాయాబజార్'కు నెగెటివు ఉంది, పేరు ఉంది, అడిగేవాళ్ళున్నారు. అవేవీ లేని బొమ్మల సంగతేమిటి? ఉద్దానం ఊళ్ళలో 1990లలో పెళ్ళిళ్ళకు వీడియో తీయించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. కొబ్బరితోటల మధ్య పందిరి, వంటపొయ్యిలు, పనసచెట్టుకింద కూర్చున్న ముసలివాళ్ళు - ఆ కేసెట్లలో ఉన్నది ఒక పెళ్ళి మాత్రమే కాదు, ఒక కాలం. పనికోసం ఊరు విడిచి దూరదేశాలు పోయినవాళ్ళకు చనిపోయిన తల్లిదండ్రులు కదలగా చూసే ఆధారం తరచుగా అదొక్కటే. ఆ కేసెట్లు డివిడిలయ్యాయి, డివిడిలు ఫైళ్ళయ్యాయి, ఫైళ్ళు ఫోన్లలోకి వచ్చాయి. ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు తెర నిండాలని లాగారు.

నేనెరిగిన ఒక ఇంట అట్లాంటి ఫైలు వేసినప్పుడు ఒక పెద్దమ్మ చూసి, "ఇది మాయమ్మేటి? మాయమ్మ ఇంత లావు గాదు" అని తల తిప్పుకుంది. కొడుకు విసుక్కున్నాడు. తల్లి జ్ఞాపకం మసకబారిందనుకున్నాడు. జ్ఞాపకం సరైనదే, ఫైలు తప్పు. నిష్పత్తి మార్చి వేశాక ఆవిడ మరేమీ అనలేదు, చివరిదాకా కూర్చుని చూసింది.

ఇది ఒక ఇంటి మమకారం అని తేలిగ్గా తీసుకోవద్దు. ఉద్దానాన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. ఆ బాధను లోకానికి చెప్పిన సాధనాల్లో వీడియో ఒకటి. ఆ జబ్బులో మనిషి ముఖం వాచిందా, కాళ్ళు ఉబ్బాయా, చేయి చిక్కి ఎముకకు అంటుకుందా అన్నవి చూసేవాడికి అర్థం కావలసిన సంగతులు. డయాలసిస్ మంచంమీద పడుకున్న రైతుకూలీ చేతిని మూడోవంతు లావుచేసి చూపే బొమ్మ అతని తరపున సాక్ష్యం చెప్పదు. అతనికి వ్యతిరేకంగా చెబుతుంది.

మరో ఉదాహరణ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. జనం చేతుల్లో ఉన్నవి ఫోన్లు. ఫోనును నిలువుగా పట్టుకోవడం చేతికి సహజం; కొబ్బరిచెట్టుకు నిలువు చట్రమే తగింది కూడా. కాని అడ్డంగా ఉన్న తెరను నింపాలని నిలువు బొమ్మను కోస్తే ఎత్తులో మూడోవంతు కూడా మిగలదు. మొదలు కనిపిస్తే మొవ్వ కనిపించదు; మొవ్వ కనిపిస్తే వేళ్ళు కనిపించవు. చెట్టు వేళ్ళతో సహా లేచిందా, మధ్యకు విరిగిందా, మొవ్వ మాత్రమే మెలిబడిందా అన్నది రైతుకు జీవన్మరణ సమస్య. మొవ్వ నిలిచిన చెట్టు కోలుకోవచ్చు. వేరు లేచిన చెట్టు లేవదు. ఆ తేడా చూపలేని బొమ్మ ఎంత పెద్దతెర నింపితే మాత్రం ఏం లాభం?

జముకుల కథ సంగతీ అంతే. ఉత్తరాంధ్ర పల్లెల్లో పుట్టిన ఈ కళారూపాన్ని బొడ్డపాడు ప్రాంతంలో సుబ్బారావు పాణిగ్రాహి రైతాంగ పోరాటానికి వాహకం చేశాడు. 1969 డిసెంబరులో ప్రాణం ఇచ్చాడు. జముకుల కథ గొంతుతో మాత్రమే నడిచేది కాదు. కథకుడి అడుగు, చేతిలో బిగించి మీటే తంత్రి, పక్కనుండే వంతల ఊపు కలిస్తేనే కథ. నాలుగు-మూడులో తీసిన జముకుల కథను పదహారు-తొమ్మిదికి కోస్తే ఎత్తులో నాలుగోవంతు పోతుంది. సాధారణంగా పోయేవి పాదాలు. పాదాలు లేని జముకుల కథ చూసి రేపటి పరిశోధకుడు, వీళ్ళు నిలబడి పాడేవారు కాబోలునని రాస్తే తప్పెవరిది?

ఇక దిద్దడం ఎట్లాగో చూద్దాం. దీనికి పలాస జీడిబట్టీలే మంచి పాఠశాల. జీడిపప్పు డబ్బామీద 180, 240, 320 అంటూ ఒక అంకె ఉంటుంది. పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో అది చెబుతుంది. 240 పప్పు డబ్బాకు పొరపాటున 320 చీటీ అంటించారనుకోండి. పప్పు చెడలేదు, చీటీ మార్చితే చాలు. కాని డబ్బా లోపల పప్పు ముక్కలై ఉంటే ఏ చీటీ అంటించినా అవి గుండ్లు కావు.

డిజిటల్ ఫైలు అట్లాంటి డబ్బాయే. మన దేశపు డివిడిలో ఒక్కొక్క బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. ఈ చుక్కలు చదరాలు కావు. అవే చుక్కలను నాలుగు-మూడుగా విప్పవచ్చు, పదహారు-తొమ్మిదిగానూ విప్పవచ్చు. ఎట్లా విప్పాలో చెప్పేది ఫైలులో ఉన్న ఒక చిన్న సంకేతం. డివిడి వాడే ఎంపెగ్-2 పద్ధతిలో దానికి కేటాయించిన చోటు నాలుగు బిట్లు మాత్రమే: అక్కడ 2 ఉంటే నాలుగు-మూడు, 3 ఉంటే పదహారు-తొమ్మిది. 2 ఉండవలసినచోట 3 పడితే ఊరంతా లావెక్కుతుంది. సంకేతాన్ని పట్టించుకోకుండా చుక్కలను చదరాలుగా భావించి చూపితే ఊరంతా నూటికి ఆరుపాళ్ళు సన్నబడుతుంది. ఇది సినిమాస్కోప్ నాటి పాత ఒప్పందమే. కటకం పోయి అంకె వచ్చింది.

కనుక తప్పులు మూడు రకాలు. మొదటిది చీటీ తప్పు. బొమ్మను ముట్టుకోకుండా అంకె మార్చితే చాలు. నాణ్యత రవంత కూడా తగ్గదు. రెండోది, సాగదీసిన బొమ్మను సాగదీసినట్టే మళ్ళీ ఎన్‌కోడ్ చేసి భద్రపరచడం. దీన్నీ తిరిగి నొక్కి సరిచేయవచ్చు, కొంత స్ఫుటత మాత్రం పోయి ఉంటుంది. మూడోది కత్తిరింపు. దానికి మందు లేదు. మొదటి రెండు తప్పులకు మూడో శిక్ష వేయడం, అంటే వక్రంగా కనబడుతున్నదని అంచులు కోసేయడం, అజ్ఞానంలోకెల్లా పెద్దది.

పరీక్షకు యంత్రం అక్కరలేదు. బొమ్మలో గుండ్రమని తెలిసిన వస్తువును ఎదురుగా చూపే క్షణం వెతకాలి: సైకిలు చక్రం, పూర్ణచంద్రుడు, గోడ గడియారం. అది కోడిగుడ్డులా ఉంటే నిష్పత్తి తప్పింది. అడ్డుకొలతను నిలువుకొలతతో భాగిస్తే ఎంత తప్పిందో తెలుస్తుంది. 1.33 వస్తే నాలుగు-మూడు బొమ్మను పదహారు-తొమ్మిదికి లాగారన్నమాట. పనిముట్లు ఉచితం. పారిస్‌లో ఎకోల్ సెంట్రల్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టి 2001లో లోకానికి స్వేచ్ఛగా వదిలిన విఎల్‌సి ప్లేయరులో, కంప్యూటరుమీద ఇంగ్లీషు 'ఎ' మీట నొక్కుతూ పోతే నిష్పత్తులు ఒక్కొక్కటే మారి కనిపిస్తాయి. అది చూపులో దిద్దుబాటు మాత్రమే, ఫైలు మారదు. ఫైలులోని అంకెనే మార్చాలంటే 2000లో ఫ్రెంచి ప్రోగ్రామరు ఫాబ్రిస్ బెల్లార్ ఆరంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. బొమ్మను తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా నిష్పత్తిని మాత్రం కొత్తగా రాసిపెడుతుంది. ఐతే డబ్బామీద ఒక చీటీ, లోపలి సంచిమీద ఇంకో చీటీ ఉండే వీలుంది. ఒకటి దిద్ది రెండోది మరిస్తే ఒక యంత్రంలో సరిగా, మరో యంత్రంలో వంకరగా కనబడుతుంది. రెండుచోట్లా చూసుకోవాలి. అసలు ఫైలును మాత్రం ఎప్పుడూ చెరపకూడదు.

"తెరకు రెండుపక్కలా నల్లపట్టీలుంటే జనం ఒప్పుకోరు, డబ్బుపెట్టి కొన్న తెర నిండాలంటారు" అని ఒక వాదం ఉంది. దానిలో కొంత నిజం లేకపోలేదు. కాని తెర నిండాలన్న కోరిక జనానికి పుట్టుకతో వచ్చింది కాదు. తెరలు అమ్మేవాడు అలవాటు చేసింది. నల్లపట్టీ లోపం కాదు. "ఇది మరో కాలపు బొమ్మ, దాని కొలత ఇంతే" అని చెప్పే నిజాయితీ అది.

మన శిబిరంలోనే మరో వాదం వినవస్తుంది: వస్తువు ముఖ్యం, రూపం దేనికి, మనిషి బాధ తెలిస్తే చాలదా అని. వస్తువు ముఖ్యం గనుకనే ఈ గొడవ. ఇక్కడ వస్తువే మనిషి శరీరం. దాని కొలత తప్పితే వస్తువే తప్పుతుంది. చరిత్రలో పెద్దవాళ్ళ బొమ్మలకు కాపలాదారులున్నారు. శ్రమజీవి బొమ్మకు దాన్ని దాచుకున్న ఇంటివాళ్ళే కాపలా.

అందుచేత పలాసలో, టెక్కలిలో, ఉద్దానం ఊళ్ళలో కేసెట్లు, డిస్కులు దాచుకున్నవాళ్ళు, వాటిని ఫైళ్ళుగా మార్చే దుకాణాలవాళ్ళు, కళారూపాలు సేకరించే సాహిత్య మిత్రులు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: తీసిన కొలతలోనే దాచాలి, ఆ కొలత ఏమిటో ఫైలు పేరుపక్కనే రాయాలి, కోయకూడదు. తెరలు ఇంకా మారతాయి. నిన్నటి చదరం నేడు పలక అయింది, రేపు మరేమవుతుందో. మారిన ప్రతి తెరకూ మనిషి తన ఒళ్ళు మార్చుకోలేడు. పట్టాలు మారితే పెట్టె కొత్తది కట్టుకున్నాం గాని, ప్రయాణికుణ్ణి సాగదీయలేదు గదా.